లెన్నీ తరఫున వచ్చినవాళ్ళు

షెరీఫ్ మనుషులు వచ్చి లెన్నీ హకాలా ఇంట్లోని తుపాకులన్నిటినీ పాత దుప్పట్లలో చుట్టి బండిలో వేసుకుపోయిన సంగతి హెమ్లాక్ బే ఊళ్ళో తెలియనివాడు లేడు. వాళ్ళను పంపమని జడ్జిని అడిగింది లెన్నీ కన్నకూతురు ఐలీయేనన్న సంగతీ దాగలేదు. కోర్టు కాగితం మీద ఆమె పేరే ఉంటే ఎలా దాగుతుంది! తండ్రి తన ప్రాణం తానే తీసుకుంటాడేమోనని భయంగా ఉంది, కొంతకాలం ఆయుధాలు ఆయన చేతికి అందకుండా చూడండి అని ఆమె ప్రమాణం చేసి చెప్పుకుంది. మిషిగన్‌లో కొత్తగా వచ్చిన చట్టం అలా అడిగే హక్కు ఇంటివాళ్ళకు ఇచ్చింది. జడ్జి అప్పటికి తాత్కాలికంగా సరేనన్నది. ఆ ఉత్తర్వు ఏడాదిపాటు సాగాలా, ఇక్కడితో చెల్లిపోవాలా అన్నది తేలే రోజు ఇదే.

ఊరు రెండుగా చీలుతుందనుకున్నారు. చీలలేదు. ఒక్కమాట మీద లెన్నీ పక్షాన నిలబడింది. అతనికి మింగుడుపడనిది అదే.

కోర్టు మెట్లముందు కురిసిన మంచు ఇంకా అడుగులకింద బురద కాలేదు, జనం అప్పుడే గుమిగూడారు. జింకలవేట మొదలయ్యే రోజు దగ్గరికొచ్చింది కాబట్టి మగవాళ్ళందరి నెత్తిన నారింజరంగు వేటటోపీలే. లూథరన్ చర్చి ఆడవాళ్ళు మడతబల్ల వేసి, మాంసం, దుంపలు కూరి కాల్చిన పాస్టీలు అమ్ముతున్నారు. లెన్నీ కోర్టుఖర్చుల కోసమట. రెండు స్తంభాల మధ్య గుడ్డ కట్టారు: ‘లెన్నీ వైపే మేము’.

లెన్నీ తన బండి దిగి, ఆ గుడ్డ చదివి, మళ్ళీ బండెక్కి వెళ్ళిపోదామా అనుకున్నాడు. అంతలో రాయిస్ టెర్వో చూడనే చూశాడు.

"రారా పెళ్ళికొడకా!" అంటూ ఎదురొచ్చి భుజంమీద చెయ్యేశాడు రాయిస్. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు, ఒకే అడవిలో వేట నేర్చుకున్నారు. ఊళ్ళో వేటసామాను దుకాణం అతనిది. ఈ చట్టం మా కౌంటీలో చెల్లదని పెద్దలచేత తీర్మానం చేయించిందీ అతనే. "చూశావా ఎంతమందో? నా పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు. అప్పుడు బీరు ఉచితం కూడానూ!"

"ఇంత హడావిడి ఎందుకు రాయిస్?"

"ఎందుకా? ఇవాళ నువ్వు, రేపు నేను. నువ్వేం నేరం చేశావు? ఎవణ్ణి కొట్టావు? ఎవణ్ణి బెదిరించావు? నీ మాట వినకుండా, నిన్ను పిలవకుండా, ఎక్కడో గదిలో కూర్చుని ఒకావిడ సంతకం గీకితే మీ తాతనాటి తుపాకీ పోయింది. దొంగవెధవని పట్టుకున్నా ముందు వాడేమంటాడో వింటారు కదరా!"

ఆ మాటల్లో అబద్ధం లేదు. తన గుమ్మంలో యూనిఫారం మనుషులు నిలబడి, ఎదురింటివాళ్ళు కిటికీతెరలు తొలగించి చూస్తుండగా ఒక్కో తుపాకీ లెక్కపెట్టి తీసుకుపోయినప్పుడు లెన్నీకి ఒళ్ళు భగ్గుమంది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. ఆ మంటొక్కటే ఉంటే బాగుండేది. దానికింద మరొకటి ఉంది. దాన్ని రాయిస్ ఎరగడు.

"వకీలు గట్టివాడేనంటావా?" అని మాట మార్చాడు.

"గ్రేడీయా? కత్తి. పెద్దవంతెన అవతల్నుంచి వచ్చాడులే."

"అయితే వంతెనకింద భూతమన్నమాట." వంతెనకు దక్షిణాన ఉండేవాళ్ళను ఈ ఊళ్ళో అలాగే వెక్కిరిస్తారు.

"భూతమే. మనవైపు భూతం," అని నవ్వాడు రాయిస్. అతని కోటుజేబులో ఫోను మోగింది. తీసి చూసి, నొక్కేసి, మళ్ళీ జేబులో పడేశాడు. "మా అబ్బాయి బ్రోడీ. వీడికి వేళాపాళా లేదు. పద, నాలుగు మాటలు చెప్పాలి జనానికి."

పాస్టీలబల్ల దగ్గర డోరిస్ లెన్నీ చేతిలో వేడివేడిది ఒకటి కాగితంలో చుట్టి పెట్టింది. పాస్టీమీద ఏం పోసుకోవాలన్న పాత తగువు మళ్ళీ లేచింది. "గ్రేవీయా, కెచప్పా? సరిగ్గా ఆలోచించి చెప్పు, ఊరంతా వింటోంది."

"కెచప్."

"దేవుడున్నాడు! నీ బుర్ర భేషుగ్గా ఉందని జడ్జికి నేను చెప్తా పద." చుట్టూ అందరూ ఘొల్లుమన్నారు.

ఆ నవ్వు సద్దుమణగకముందే ఐలీ వచ్చింది. ఒక్కతే. పశువుల డాక్టరుగారి దగ్గర పనిచేస్తుంది. ఊళ్ళోని ప్రతి కుక్కనీ ఒడిలో పెట్టుకుని సూది వేయించిన చేతులు అవి. ఈమధ్య ఆమె పట్టుకుంటానంటే "వద్దులే, మేం పట్టుకుంటాం" అంటున్నారట. మెట్లవైపు నడుస్తూ బల్లదగ్గర ఆగింది.

"గుడ్ మార్నింగ్, డోరిస్."

డోరిస్ గిన్నెమీద మూత సర్దుకుంది. మూతకి సర్దాల్సినంత వంకర ఏమీ లేదు. ఐలీ చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆమెకు ప్రార్థనలు నేర్పింది ఈ డోరిసే. ఎవరో వెనకనుంచి, వినీవినబడనట్టు, "ఇలాంటి పిల్ల ఉండేకన్నా..." అన్నారు. తక్కినది అనలేదు. అననక్కర్లేకపోయింది.

ఐలీ తండ్రివైపు చూసింది. లెన్నీ నోట్లో ముద్ద ఉంది. మింగి ఏదైనా అనవచ్చు. అమ్మా, వచ్చావా అనవచ్చు. పోనీ, తల ఊపవచ్చు. అతను ముద్ద నములుతూనే ఉన్నాడు, ఐలీ మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయేదాకా. తర్వాత అది గొంతులో అడ్డంపడింది. మిగిలింది కాగితంలో మడిచి చెత్తబుట్టలో పడేశాడు.

కోర్టుగది చిన్నది. జనం బెంచీలు నింపి, గోడలకు ఆనుకుని నిలబడ్డారు. జడ్జి ట్రెంబ్లే పెద్దావిడ, జలుబు చేసిన గొంతు. "టోపీలు తీయండి," అన్నది మొదట. నారింజరంగంతా ఒక్కసారి ఒళ్ళల్లోకి దిగింది.

ఐలీ చెయ్యెత్తి ప్రమాణం చేసి కూర్చుంది. ఆమెకు వకీలు లేడు. జడ్జే అడిగింది, ఏం జరిగిందో చెప్పమని.

ఐలీ నెమ్మదిగా చెప్పింది. తండ్రి కౌంటీ రోడ్లశాఖలో మంచు తోసే బండి నడిపేవాడు. కిందటి చలికాలం, ముందు ఏముందో కనబడని మంచుతుఫానులో, దారిలో ఆగిపోయిన కారులోంచి దిగిన కుర్రాణ్ణి ఆ బండి కొట్టేసింది. కుర్రాడు బతకలేదు. విచారణ చేసినవాళ్ళు లెన్నీ తప్పేమీ లేదన్నారు. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఆ రోజునుంచి సరిగా నిద్రలేదు. ఉద్యోగం మానేశాడు. వసంతానికి తిండి తగ్గింది. వేసవి చివర, ప్రాణంగా పెంచుకున్న కుక్కను పక్కవాళ్ళకిచ్చేశాడు. ‘నేను లేకపోతే నీకు హాయి’ అని రెండుమూడుసార్లు అన్నాడు.

"అందుకని అడిగాను," అన్నది ఐలీ. "ఎల్లకాలం వద్దనలేదు. ఈ చలికాలం ఒక్కటి గట్టెక్కితే చాలనుకున్నాను."

గ్రేడీ లేచాడు. మనిషి ముప్ఫైల్లో ఉంటాడు. మాట మెత్తగానే ఉంది.

"మిస్ హకాలా, దుఃఖంలో ఉన్న మనిషి ‘నేను లేకపోతే బాగుండు’ అనడం మీరెప్పుడూ వినలేదా?"

"విన్నాను."

"కుక్కను ఇచ్చేయడం నేరమా?"

"కాదు."

"మీ నాన్నగారు మిమ్మల్ని కొట్టారా? ఎవరినైనా బెదిరించారా?"

"లేదు. ఎన్నడూ లేదు."

"ఈ ఊరి పిల్లలకు తుపాకీ జాగ్రత్తలు నేర్పింది ఎవరు?"

"నాన్నే."

"ఈ గదిలో కూర్చున్నవాళ్ళలో సగంమందికి ఆయనే నేర్పారు." గ్రేడీ బెంచీలవైపు తిరిగి మళ్ళీ ఆమెవైపు తిరిగాడు. "సరే. ఒక్కమాట అడుగుతాను. తన ప్రాణానికి హాని చేసుకోబోతూ ఆయన ఆయుధం చేత్తో పట్టుకోగా మీ కళ్ళారా చూశారా?"

లెన్నీ కళ్ళు దించుకున్నాడు.

ఆ రోజు అతనికి కళ్ళముందు నిలిచింది. పెరట్లో తాత కట్టిన సౌనా గది. పొయ్యి రాజెయ్యలేదు. ఆవిరిస్నానానికి వెళ్ళినవాడైతే కదా రాజెయ్యడానికి. చెక్కబల్లమీద పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. తలుపు తెరుచుకుంది. ఐలీ. అరవలేదు, ఏడవలేదు. వచ్చి పక్కన కూర్చుని, అతని చేతిమీద తన చెయ్యి వేసి అలాగే ఉంది. బెదిరిన జంతువుల దగ్గర ఎలా ఉంటుందో అలాగే. అతని వేళ్ళు వాటంతటవే సడలాయి. అప్పుడు అతనన్న మాట ప్రాణం దక్కినవాడు అనేది కాదు. "ఎవరికీ చెప్పకు," అన్నాడు. "ఊళ్ళో తలెత్తుకోలేను. పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. నీ కాళ్ళు పట్టుకుంటా." కన్నతండ్రి అలా అంటే ఏ కూతురు కాదంటుంది! మాటిచ్చింది. జడ్జి దగ్గరికి వెళ్ళినా, ఆ సౌనా సంగతి మాత్రం రాయకుండా మిగిల్చింది.

ఇప్పుడు బోనులో కూర్చుని ఐలీ అతనివైపే చూస్తోంది.

"జవాబు చెప్పండి," అన్నది జడ్జి.

"అది... నేను చెప్పేది కాదు," అన్నది ఐలీ.

"చూశారా, లేదా? అంతే కదా ప్రశ్న."

ఐలీ పెదవులు బిగించింది. గ్రేడీ చేతులు చాపాడు, ఇంకేం కావాలి అన్నట్టు.

"చూసి ఉంటే చెప్పేవారు. ఇంతమంది ముందు ప్రమాణం చేశాక కూడా చెప్పలేకపోతున్నారంటే లేదనే కదా?" బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు "అదీ!" అన్నారు. "పోనీ ఇంకో సంగతి. ఈ ఆగస్టులో సరస్సు ఒడ్డునున్న ఇల్లూ భూమీ అమ్మెయ్యమని మీ నాన్నగారిని మీరు అడిగిన మాట నిజమా?"

ఐలీ కుర్చీలో ముందుకు జరిగింది. "ఎవరు చెప్పారు మీకు?"

"నిజమా, కాదా?"

"నిజమే. కానీ..."

"ఆయన ఒప్పుకోలేదు. అవునా?"

"ఒప్పుకోలేదు. కానీ నేనడిగింది..."

"చాలు. నాకింకేమీ అడగాల్సింది లేదు."

గదిలో గుసగుస ఎండుటాకులకు నిప్పంటుకున్నట్టు పాకింది. అదన్నమాట అసలు సంగతి! భూమికోసం! డోరిస్ తల అడ్డంగా ఆడిస్తూ కళ్ళు మూసుకుంది.

ఆ సంగతి వకీలుకు ఇచ్చింది లెన్నీయే. మొన్న రాయిస్ దుకాణం వెనకగదిలో కూర్చున్నప్పుడు, "మీ అమ్మాయికి ఇందులో లాభమేమైనా ఉందా?" అని గ్రేడీ అడిగాడు. "ఇల్లు అమ్మమంది ఆమధ్య," అన్నాడు తను. అంతే అన్నాడు. ఇల్లమ్మేసి నా దగ్గరికి వచ్చెయ్యి నాన్నా, నీకో గది సిద్ధంచేశాను, ఒక్కడివీ ఉండొద్దు అని ఐలీ బతిమాలిన సంగతి మాత్రం అనలేదు. గ్రేడీ ముఖం విప్పారడం చూశాడు. చూసి కూడా ఊరుకున్నాడు. తన గుట్టు దాచుకోవడానికి కూతుర్ని ముందుకు తోశాడు.

గెలుస్తున్నాడు. ఇంకాసేపట్లో ఇంటికి తుపాకులు వస్తాయి, బయట చప్పట్లు మోగుతాయి. అబద్ధాలకోరన్న పేరు మోసుకుంటూ ఐలీ ఈ ఊళ్ళోనే బతకాలి, అతని కోసం.

లెన్నీ లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి," అన్నాడు గ్రేడీ గొంతు తగ్గించి. "అవసరం లేదు. కేసు మనదే."

"నేను మాట్లాడాలి."

"వద్దంటున్నాను, మిస్టర్ హకాలా."

"జడ్జిగారూ, నేను మాట్లాడొచ్చా?"

ట్రెంబ్లే అతనిచేత ప్రమాణం చేయించింది. లెన్నీ బోనులోకి వెళుతూ కూతురి పక్కనుంచి నడిచాడు. ఆమె తల ఎత్తలేదు.

"మా అమ్మాయి చూసింది," అన్నాడు.

ఎవరిదో బూటు కిర్రుమన్న చప్పుడు పెద్దగా వినిపించింది.

"సౌనాలో. పిస్తోలు నా చేతిలోనే ఉంది. అది లాక్కోలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎవరికీ చెప్పొద్దని నేనే ఏడ్చాను. అందుకని చెప్పలేదు. ఇందాక కూడా అందుకే చెప్పలేదు. తను అబద్ధమాడలేదు, నా పరువు కాపాడింది. నేను ఇక్కడ కూర్చుని తన పరువు తీశాను." దగ్గి, మళ్ళీ మొదలెట్టాడు. "ఇల్లు అమ్మమన్నది, తన దగ్గరికి వచ్చి ఉండమని. డబ్బుకోసం కాదు. ఆ సంగతి నాకు తెలుసు. వకీలుకు సగమే చెప్పాను."

"ఒరేయ్ లెన్నీ!" రాయిస్ బెంచీమీంచి లేచాడు. "అది నీ కష్టం. నేను కాదనడంలేదు. కానీ చట్టం సంగతి వేరు! రేపు ఎవడో పెళ్ళాంమీద కోపంతో..."

"కూర్చోండి, లేదా బయటికి నడవండి," అన్నది జడ్జి.

"ఒక్కమాట చెప్పనివ్వండమ్మా," అన్నాడు లెన్నీ. స్నేహితుడివైపు తిరిగాడు. "రాయిస్, చట్టం మంచిదో చెడ్డదో తేల్చేటంత తెలివి నాకు లేదు. నన్నడక్కుండా వచ్చి తీసుకుపోయారు, నాకిప్పటికీ కడుపు మండుతోంది. నువ్వన్నట్టు రేపెవడో కక్షతో వాడుకోవచ్చు. వాడితో నువ్వు పోట్లాడు, నేనూ వస్తా. కానీ నా సంగతి అది కాదురా. వాళ్ళు ఆ రోజు రాకపోయి ఉంటే, మీరంతా ఈ టోపీలు తీసి చర్చిలో నా శవపేటిక ముందు కూర్చునేవాళ్ళు. పాస్టీలు అప్పుడూ ఉండేవి."

ఎవరూ నవ్వలేదు. లెన్నీ నవ్వించడానికి అనలేదు.

"ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాడివా?" అన్నది జడ్జి, ‘మీరు’ మరిచి, పొరుగింటి పెద్దావిడలా.

"లేదమ్మా. ఏం పర్లేదు, బాగానే ఉన్నాననేవాణ్ణి. మేమంతా అదే అంటాం ఇక్కడ."

ఉత్తర్వు ఏడాది సాగుతుందని జడ్జి చెప్పింది. మధ్యలో మనసు కుదుటపడితే వచ్చి మళ్ళీ అడగవచ్చని, తుపాకులు ఇంకెవరి సొత్తూ కావని, అతనివే అతనికి తిరిగివస్తాయని, ఈలోగా డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్ళమని చెప్పింది. ఈ ఏడు వేట లేదు. చిత్రంగా, ఆ మాట వింటే లెన్నీకి ఏమీ అనిపించలేదు. అతనికి వెనకనున్న బెంచీల నిశ్శబ్దమే వినిపిస్తోంది. బడిపిల్లవాడు బట్టలు తడుపుకున్నప్పుడు తక్కిన పిల్లలు పక్కకి చూస్తారే, అలాంటి నిశ్శబ్దం.

బయటికి వచ్చేసరికి జనం పలచబడ్డారు. ‘లెన్నీ వైపే మేము’ గుడ్డ ఒకకొన ఊడి వేలాడుతోంది. రెండోకొన విప్పాలా, మళ్ళీ కట్టాలా తెలియక ఒకడు నిచ్చెనమీద నిలబడ్డాడు. లెన్నీ తనకు నేర్పిన తుపాకీ పాఠాలు గుర్తొచ్చాయో ఏమో, కళ్ళు కలపలేదు. డోరిస్ రెండు పాస్టీలు కాగితంలో చుట్టి పట్టుకుని ఐలీవైపు రెండడుగులు వేసి, వాటిని మెట్లమీద పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది.

ఐలీ తన కారుదగ్గర నిలబడి ఉంది. లెన్నీ వెళ్ళి రెండడుగుల దూరంలో ఆగాడు.

"భూమి సంగతి నువ్వే చెప్పావా, నాన్నా?"

"చెప్పాను."

"ఎందుకు అమ్మమన్నానో చెప్పలేదా?"

"లేదు."

ఐలీ సరస్సువైపు చూసింది. "సౌనాలో నిన్ను చూసినప్పుడు కూడా నాకింత బాధ కలగలేదు. అప్పుడు నువ్వు నీలో లేవు. ఆ వకీలు ముందు నీలోనే ఉన్నావు."

లెన్నీ క్షమించమ్మా అనబోయి, ఆ మాట అడగడం కూడా ఇంకోసారి ఆమెమీద బరువు పెట్టడమే అనిపించి ఊరుకున్నాడు.

"నాకు కోపంగా ఉంది," అన్నది ఐలీ. "చాలారోజులు ఉంటుంది. ఉన్నా సరే, కారెక్కు. ఏమీ తినలేదు నువ్వు."

అతను తలుపు మీద చెయ్యి వేశాడు. వెనకనుంచి బరువైన అడుగులు వినిపించాయి. రాయిస్ వస్తున్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. దెబ్బలాటకే వస్తున్నాడనుకున్నాడు లెన్నీ.

"నాకు ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు రాయిస్. "ఇంతమందిని పోగేశాను. మైకు పట్టుకుని అరిచాను. నన్ను వెధవని చేశావు."

"అవును. చెప్పాల్సింది."

"చెప్పాల్సింది," అన్నాడు రాయిస్ మళ్ళీ. కానీ వెళ్ళలేదు. అక్కడే నిలబడి చేతిలోని ఫోనును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఐలీ," అన్నాడు రాయిస్. ఆమె పుట్టినప్పుడు చర్చిలో ఎత్తుకున్న మనిషి. ఈమధ్య ఆమె ఎదురుపడితే రోడ్డు దాటిపోతున్నాడు. "నువ్వు... ఏ గదికి వెళ్ళి అడిగావు? ముందు ఎవరితో మాట్లాడావు?"

"ఎందుకు, మిస్టర్ టెర్వో?" అన్నది ఐలీ. ఆమె నోట అతను ఎప్పుడూ రాయిస్ అంకులే.

రాయిస్ ఆ పిలుపును దెబ్బ తిన్నట్టే తిని, ఫోను ముందుకు చాపాడు. "బ్రోడీ. పెళ్ళి తప్పిపోయిన దగ్గర్నుంచి మా వేటగుడిసెలో ఒక్కడే ఉంటున్నాడు. కాస్త గాలి మారితే బాగుంటాడనుకున్నా. పొద్దున ఫోను చేశాడు. నేను... నేను జనానికి మాటలు చెప్పే హడావిడిలో ఉన్నా. కట్ చేశాను. నువ్వే చూశావుగా, లెన్నీ. ఇప్పుడు బయటికొచ్చి విన్నా, వాడు ఫోనులో రికార్డు చేసి వదిలిన మాట."

ఐలీ ఫోను చెవిదగ్గర పెట్టుకుంది. విన్నంతసేపూ ఆమె ముఖం మారుతూనే ఉంది. కోపం ఎటుపోయిందో పోయింది.

"గుడిసెలో తుపాకులున్నాయా?"

"వేటసీజను. అన్నీ అక్కడే ఉన్నాయి."

"షెరీఫుకు ఫోను చెయ్యండి. ఇప్పుడే."

"వద్దు!" అన్నాడు రాయిస్. "యూనిఫారం బండి గుడిసెముందు ఆగితే వాడు... వాడు ఏం చేస్తాడో నాకు తెలీదు. నేనే వాడికి చెప్పా ఇన్నాళ్ళూ, వాళ్ళు మన గుమ్మంలోకి వస్తే మనిషన్నవాడు ఊరుకోకూడదని."

అప్పుడే ఐలీ చేతిలో ఫోను మోగింది. బ్రోడీ.

రాయిస్ దాన్ని అందుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లెన్నీవైపు చూశాడు. లెన్నీ ఫోను తీసుకున్నాడు. ముగ్గురికీ వినబడేలా నొక్కాడు.

"బ్రోడీ, నేను లెన్నీని. మీ నాన్న ఇక్కడే ఉన్నాడు."

అవతల గాలి హోరు. తర్వాత ఊపిరి. తర్వాత, ఎంతో దూరంనుంచి అన్నట్టు, బ్రోడీ గొంతు.

"లెన్నీ... నీ తుపాకులు పట్టుకుపోయారటగా."

"పట్టుకుపోయారు."

"మీ అమ్మాయే చెప్పిందట. మా నాన్న అంటాడు, అలాంటి బిడ్డ ఉండేకన్నా లేకపోవడం నయమని." ఆగాడు. రాయిస్ కారుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "నేను ఒక్కటే అడుగుతా. నిజం చెప్పు. ఆ రోజు ఆమె అడ్డం రాకపోతే బాగుండేదని అనిపిస్తోందా నీకు, ఇప్పుడు?"

బాగానే ఉన్నాను, ఏం పర్లేదు అన్న పాతమాట లెన్నీ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఎదురుగా ఐలీ, రెప్ప వెయ్యకుండా, అతని నోటివైపే చూస్తోంది.